చెన్నపట్నం పేటల్లో మనవాళ్లు

మా నాయన మద్రాసు జార్జిటౌనులో, గోవిందప్ప నాయక వీధిలో ఒక హోల్‌సేలు కొట్లో గుమాస్తా. పెళ్లయిన కొత్తలో నెల్లూరు నుంచి వచ్చి, ఆ చుట్టుపక్కలే ఒక పోర్షను అద్దెకు తీసుకున్నాడు. నేను పుట్టిందీ, పలక పట్టిందీ, మీసం దువ్వుకోవడం నేర్చుకున్నదీ ఆ నాలుగు వీధుల మధ్యే. అరవై, డెబ్బయ్యో దశకాల సంగతి. మద్రాసు మనకి దక్కలేదన్న బాధ ఇంట్లో పెద్దవాళ్ల మాటల్లో ఇంకా ఆరలేదు. అయినా మా వీధిలో ఆ బాధ ఎక్కడా కనపడేది కాదు. పొద్దున లేస్తే చెవిన పడేది తెలుగే. కొట్టు పద్దులు తెలుగులో, బేరం తెలుగులో, తిట్లు తెలుగులో.

జార్జిటౌనులో కొట్టు పేరు అడిగేవాడు ఊరికి కొత్త అని తెలిసిపోయేది. సరుకు పేరు చెబితే చాలు, వీధి అదే వచ్చేది. శుభలేఖలూ కాగితమూ ఆండర్సన్ వీధి. మందులూ రసాయనాలూ నైనియప్ప నాయక వీధి. పటాలు కట్టించాలంటే దేవరాజ మొదలి వీధి. బట్టల బేళ్లు గోడౌన్ వీధి, పూలు బద్రియన్ వీధి, నగలకు ఎన్నెస్సీ బోసు రోడ్డు. ఆ రోడ్డును మా అవ్వ చనిపోయేదాకా చైనా బజారు అనే పిలిచింది. వీటన్నిటికీ నడుమ కొత్వాల్ చావడి. ఆ రోజుల్లో ఊరందరికీ కూరగాయలు అక్కడినుంచే పోవాలి. తెల్లవారుజామున మూడింటికే బండ్లు దిగేవి. మిరపకాయల బస్తాలు దించే రోజైతే మా పోర్షనులో అందరికీ తుమ్ములు. 1996లో ఆ మార్కెట్టును కోయంబేడుకు మార్చాక ఆ వీధుల్లో నడవడానికి చోటు దొరికింది గానీ, నాకు మాత్రం అక్కడ ఏదో తక్కువైనట్టే ఉంటుంది.

సరుకులు పంచుకున్నట్టే మనుషులూ వీధులు పంచుకున్నారు. మా వైపంతా కోమట్లు. కొత్వాల్ చావడి దగ్గరే కన్యకాపరమేశ్వరి గుడి, దసరా వస్తే ఆ చుట్టూ ఉన్న వీధులన్నీ ఒకే ఇల్లయిపోయేవి. మింట్ వీధి వైపు సౌకార్‌పేటకు పోతే గుజరాతీలు, మార్వాడీలు. అక్కడ జిలేబీ కొనిపెట్టమని నేను నాయన చొక్కా పట్టుకు లాగేవాణ్ణి. తూర్పుకు మణ్ణడిలో తమిళ ముస్లిములు. పవళక్కార వీధిలో ఒకప్పుడు పగడాల వ్యాపారం చేసిన యూదులుండేవారు, మా కాలానికి నాట్టుకోట్టై చెట్టియార్ల ఇళ్లు మిగిలాయి. ఆర్మీనియన్ వీధిలో 1772 నాటి చర్చి ఉంది, ఆర్మీనియన్లు మాత్రం కంటికి కనపడేవాళ్లు కాదు. రాయపురానికి పోతే పడవలవాళ్లు, రైలువాళ్లు, పార్సీల అగ్నిమందిరం. పెరంబూరులో రైల్వే వర్క్‌షాపుల్లో చేసే ఆంగ్లో ఇండియన్లు. క్రిస్మస్ రాత్రి వాళ్ల పాటలు వినడానికి మా అన్న సైకిలు మీద పోయేవాడు.

నేను దీన్ని ఎంతో ఇష్టపడ్డాను. ఇప్పటికీ ఇష్టమే. ఊరు తిరగడమంటే దేశం తిరగడమే అనిపించేది. ఈ పంపకం దానంతటదే జరిగిందనీ, చుట్టం పక్కన చుట్టం, ఊరివాడి పక్కన ఊరివాడు వచ్చి చేరితే పేటలు ఇట్లా తయారయ్యాయనీ అందరూ అనుకున్నట్టే నేనూ అనుకునేవాణ్ణి. కొట్లో నాయన దగ్గర కూర్చునే ఒక ముసలి లెక్కలాయన ఉండేవాడు. పేటల సంగతి నా చెవిన మొదట వేసింది ఆయనే. "అబ్బయ్యా, మనది కుడిచెయ్యి వీధిరా, బ్రాడ్వే దాటితే ఎడమచెయ్యి" అనేవాడు. చిన్నప్పుడు ఆయన దారి చెబుతున్నాడనుకున్నాను. ఉద్యోగంలో చేరాక, పాత చరిత్ర పుస్తకాలు చదివే అలవాటు పట్టుకున్నాక అసలు కథ తెలిసింది.

దక్షిణాదిలో కులాలు కుడిచేతి వాళ్లు, ఎడమచేతి వాళ్లు అని రెండు వర్గాలుగా ఉండేవి. మద్రాసులో కోమట్లు, బలిజలు, వెల్లాలలు కుడివైపు. బేరి శెట్లు, కంసాలి పనివాళ్లు ఎడమవైపు. ఎవరి పెళ్లి ఊరేగింపు ఏ వీధిలో పోవాలి, ఎవరు ఏ జెండా పట్టాలి, ఎవరికి ఏ మేళం ఉండాలి అన్నదాని మీద తలకాయలు పగిలేవి. 1707లో ఆ గొడవ ముదిరి, కుడిచేతి పెద్దలు ఊరు వదిలి శాంథోముకు పోయి కూర్చున్నారు. ఈస్టిండియా కంపెనీకి బట్టల వ్యాపారం ఆగిపోయింది. అప్పటి గవర్నరు థామస్ పిట్ చివరికి చేసిన తీర్పేమంటే, పెద్దనాయకనిపేట కుడిచేతి వాళ్లది, ముత్యాలపేట ఎడమచేతి వాళ్లది. ఒకరి వీధిలోకి ఒకరి పెళ్లి ఊరేగింపు రాకూడదు. ఇళ్లున్నవాళ్లు ఇళ్లు మార్చుకోవాల్సిందే. మేం గోళీలాడిన వీధులు ఆ తీర్పులో కుడివైపు పడ్డవి.

ఆ రెండు పేటల నడుమ పల్లం నేల, నీరు పారే వాగు ఉండేది. 1780ల్లో స్టీఫెన్ పాఫమ్ అనే ఇంగ్లీషు లాయరు దాన్ని పూడ్పించి రోడ్డు వేయించాడు. అదే బ్రాడ్వే. స్వాతంత్ర్యం వచ్చాక దానికి టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు అక్కడికి దగ్గర్లోనే తుపాకులకు గుండె చూపించి నిలబడ్డ మనిషి. రెండు చేతుల వాళ్లను విడదీసిన గీత మీద, రాష్ట్రమంతా ఒకటనుకున్న ఆంధ్రకేసరి పేరు ఉండటం నాకు ఎప్పుడు చూసినా బాగుంటుంది. బస్సు కండక్టర్లు మాత్రం బ్రాడ్వే, బ్రాడ్వే అనే అరుస్తారు.

ఇంత తీర్పు చెప్పిన దొరలు తాము ఎక్కడున్నారంటే, కోటలో. కోట లోపల తెల్లపట్నం, బయట నల్లపట్నం. పటాల మీద ఆ పేర్లే రాసుకున్నారు. 1746లో ఫ్రెంచివాళ్లు మద్రాసు పట్టుకుని కోట గోడకు ఆనుకుని ఉన్న నల్లపట్నాన్ని చాలావరకు పడగొట్టారు. 1749లో ఊరు తిరిగి చేతికొచ్చాక ఇంగ్లీషువాళ్లు దాన్ని మళ్లీ కట్టనివ్వలేదు. ఫిరంగి గుండుకు అడ్డం లేకుండా ఖాళీ మైదానం ఉంచుకున్నారు. ఫ్రెంచివాళ్లకు దగ్గరయ్యారన్న నెపంతో ఆర్మీనియన్లను తెల్లపట్నం నుంచి పంపేశారు. ఆర్మీనియన్ వీధి వెనక ఉన్న కథ ఇదే. ఊరు పుట్టిన నాటి నుంచి ఉన్న చెన్నకేశవస్వామి గుడిని కూడా 1757లో పడగొట్టారు. ఆ స్థలంలోనే తర్వాత హైకోర్టు లేచింది, స్వామి పూల బజారు దగ్గరికి వచ్చాడు. ఆ మైదానం అవతలి పేటలకే, అంటే ఇప్పటి జార్జిటౌనుకే, నల్లపట్నమన్న పేరు మిగిలింది. అది కోటవైపు ఎక్కడిదాకా రావచ్చో చెప్పే హద్దు స్తంభాలు 1773లో నాటారు. పారిస్ కార్నర్‌లో డేర్ హౌస్ దగ్గర వాటిలో ఒకటి ఇంకా ఉంది. చాలామంది దాని పక్కనే నిలబడి బస్సు కోసం చూస్తుంటారు. ఊరి చుట్టూ గోడ కట్టి, ఆ ఖర్చుకు పన్ను వెయ్యాలనుకున్నారు. పన్ను వసూలు కాలేదు, పేరు మాత్రం వాల్‌టాక్స్ రోడ్డుగా మిగిలింది.

నాకు అన్నిటికన్నా ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది చింతాద్రిపేట. మా మేనత్త కాపురం అక్కడే, కూవం నది వంకర తిరిగే చోట. అది సుంకు రామ శెట్టి తోట. కంపెనీకి పెద్ద వర్తకుడిగా వెలిగిన తెలుగువాడు. 1734లో జార్జి మోర్టన్ పిట్ గవర్నరుగా ఉండగా ఆ తోటను తీసుకుని నేతగాళ్ల పేటగా మార్చారు. అక్కడ ఎవరుండాలో కాగితం మీద రాశారు. నూలు వడికేవాళ్లు, నేసేవాళ్లు, బట్ట మీద అద్దకం వేసేవాళ్లు, ఉతికేవాళ్లు ఉండాలి. గుడికి కావలసిన బ్రాహ్మలు, దేవదాసీలు ఉండవచ్చు. మిగతావాళ్లకు చోటు లేదు. కంపెనీ ఎగుమతికి గుడ్డ కావాలి, అందుకు తగ్గ మనుషులను ఒకచోట చేర్చి కూర్చోబెట్టాలి. తిరువొత్తియూరు దగ్గర కాలడిపేట కూడా గవర్నరు కాలెట్ ఇట్లా పెట్టిందే. చాకలిపేట సంగతి చెప్పనే అక్కర్లేదు, కంపెనీ గుడ్డ చలవ చేసిన వాళ్లందరినీ ఊరికి ఉత్తరాన ఉంచారు, ఇప్పటికీ దాని పేరు వాషర్‌మన్‌పేటే. ఆ ఉత్తరాది పేటల్లోనే తెలుగు దేవాంగుల ఇళ్లుండేవి. ఆ దేవాంగుల్లో ఒకరైన పిట్టి త్యాగరాయ చెట్టి గారు 1920లో మద్రాసు కార్పొరేషనుకు ఎన్నికైన తొలి అధ్యక్షుడయ్యాడు. టీ.నగర్ ఆయన పేరే. తర్వాతి రోజుల్లో సినిమా తెలుగువాళ్లు ఇళ్లు కట్టుకున్నది అక్కడే.

అదీ సంగతి. కోమటి తెలుగు జార్జిటౌనులో, నేత తెలుగు చాకలిపేట వైపు, సినిమా తెలుగు టీ.నగర్‌లో. ఒక్కో తెలుగుకు ఒక్కో పేట. ఇంకొక తెలుగు ఉంది. దాన్ని నేను విన్నది మా ఇంటి వెనక సందులో.

జార్జిటౌను ఇళ్లు వీధివైపు ఇరుగ్గా, లోపలికి పోయేకొద్దీ పొడుగ్గా ఉండేవి. ముందు అరుగు, తర్వాత కొట్టు గది, మండువా, వంటిళ్లు, పోర్షన్లు, అన్నిటికన్నా చివర దొడ్డి. దొడ్డి వెనక సన్నటి సందు. పాయిఖానాలు ఎత్తిపోసేవాళ్లు రావడానికి మాత్రమే ఆ సందు. మా దొడ్డికి వచ్చే మనిషి నడివయసు ఆడమనిషి. వీధి గుమ్మంలో ఆమెను నేను ఏనాడూ చూడలేదు. పొద్దున్నే తలుపు కొట్టి "అమ్మా, నీళ్లు" అనేది. అమ్మ గడపకు ఇవతల నిలబడి ఎత్తుమీద నుంచి నీళ్లు పోసేది.

ఒకరోజు అమ్మ, "మీదే ఊరు మే?" అని అడిగింది.

"కావలి పక్కన పల్లెమ్మా. మా మామ వాళ్ల నాయన వచ్చినాడంట ఈడికి. కార్పొరేషను పని."

అమ్మది కోవూరు. కావలి అనగానే అమ్మ ముఖం విచ్చుకుంది. వానలు ఎట్టున్నాయి, చెరువు నిండిందా, తిరణాలకు పోయినావా అని ఒకటే ప్రశ్నలు. మా వీధిలో కోమటమ్మలతో మాట్లాడేటప్పుడు అమ్మ కొంచెం సర్దుకుని మాట్లాడేది. వాళ్ల తెలుగు తరాల తరబడి అరవం పక్కన ఉండి వేరే రుచి పట్టింది. ఆ ఆడమనిషితో మాత్రం అమ్మ కోవూరులో ఉన్నట్టే మాట్లాడేది. "ఎట్టా", "యాడ", "అట్నే" అన్నీ బయటికొచ్చేవి. పండక్కి పాత చీర ఇచ్చేది, పెసరట్టు పెట్టేది, విస్తట్లో, గడపకు అవతల. ఆ చుట్టుపట్ల అమ్మ భాష అచ్చంగా మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. ఆమె ఒక్కతే ఇంట్లోకి రాకూడని మనిషి కూడా.

ఆమె లాంటివాళ్లు పుళియాంతోపు, చూళై వైపు కార్పొరేషను క్వార్టర్సుల్లో, గుడిసెల్లో ఉండేవాళ్లు. మద్రాసు వీధులు ఊడ్చి, మురికి ఎత్తిన వాళ్లలో చాలామంది ఆది ఆంధ్రులు, అంటే తెలుగు దళితులు. తరాల కిందట నెల్లూరు, ఒంగోలు వైపు పల్లెల నుంచి కరువుకో కూలికో వచ్చి ఆ పనిలో పడ్డవాళ్లు. పని ఏదో ఇల్లూ అదే. క్వార్టర్సు కావాలంటే ఆ ఉద్యోగంలోనే ఉండాలి, కొడుకు ఇల్లు నిలబెట్టుకోవాలంటే కొడుకూ చీపురు పట్టాలి. కులం మనిషిని పనికి కట్టేస్తే, ఆ పని మనిషిని పేటకు కట్టేసింది. పద్దెనిమిదో శతాబ్దం నాటి పటాల్లోనూ ఊరికి ఒక అంచున పెద్ద పరచ్చేరి, అంటే పరయలనే తమిళ దళితుల వాడ, అని విడిగా గీసి ఉంటుంది. చేతుల గొడవలో పరయలు కుడిచేతి వాళ్లకు అండగా నిలిచి కొట్లాడారు. పేటలు పంచుకున్నాక వాళ్ల వాటాకు ఆ అంచే వచ్చింది. 1921లో బిన్నీ మిల్లు సమ్మె అప్పుడు పుళియాంతోపులో ఆది ద్రావిడుల గుడిసెలు తగలబెట్టారంటే, ఎవరు ఎక్కడ ఉంటారో ఊరందరికీ అంత బాగా తెలుసు కాబట్టే.

నాకు తపాలాశాఖలో ఉద్యోగం వచ్చింది. కొన్నేళ్లు ఆ వైపు ఒక పోస్టాఫీసు కౌంటర్లో కూర్చున్నాను. జీతాల రోజు దాటగానే మనియార్డర్లకు వరస కట్టేవాళ్లు. ఫారం తెలుగులో నింపే గుమాస్తా దొరికాడని తెలిసి నా కిటికీ దగ్గరికే వచ్చేవాళ్లు. కావలి, ఉదయగిరి, కందుకూరు, అద్దంకి. నెల్లూరు, ఒంగోలు వైపు నేను పేరు కూడా వినని పల్లెల అడ్రసులు వాళ్ల నోట విని రాశాను. అడుగున ఆ చిన్న చీటీలో రెండు మాటలు రాసే చోటుండేది. "పిల్లకి జరం తగ్గింది. పండక్కి సెలవు ఇయ్యలేదు." "అప్పుకి ఇయ్యి, మిగిల్తే కోడిపెట్టని కొను." నాకు ఉద్యోగ జీవితంలో గుర్తుండిపోయిన పని అదే. అంతకుముందు, చెన్నపట్నం తెలుగువాళ్లంటే నా మనసులో కొట్లు, గుళ్లు, సినిమా స్టూడియోలు. ఆ కౌంటరు నాకు రెండో సగం చూపించింది.

పొట్టి శ్రీరాములు గారు పుట్టింది మా జార్జిటౌనులోనే, అణ్ణాపిళ్లై వీధిలో, 1901లో. ఆ వీధి మీదుగా ఎన్నిసార్లు నడిచానో. ఆయనను అందరం 1952 డిసెంబరు 15తోనే తలుచుకుంటాం, మైలాపూరులో 58 రోజుల దీక్ష చేసి పోయిన రోజు. ఆయన చదివింది శానిటరీ ఇంజనీరింగు అని, నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని అంతకుముందే నిరాహారదీక్షకు కూర్చున్నాడని చెప్పేవాళ్లు తక్కువ. రాష్ట్రం కోసం చేసిన దీక్షకు విగ్రహాలు లేచాయి. ఆ గుడి దీక్షను కూడా అంతే గట్టిగా చెప్పుకోవాలని నాకు ఉంటుంది. మా పేట మనిషి మా పేట గీత దాటిన సందర్భం అది.

మా నాయన పోయాక ఆ పోర్షను ఖాళీ చేశాం. మా వీధిలో కోమటి కుటుంబాలు కూడా ఒక్కొక్కటే అణ్ణానగర్‌కో, కీల్పాకానికో వెళ్లిపోయాయి. కొట్లు మాత్రం అక్కడే. పిల్లలు కాన్వెంట్లలో చేరారు. మా పిల్లలూ అంతే. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవలేరు.

రిటైరయ్యాక ఒక స్నేహితుడు నోటుపుస్తకాలు పంచడానికని పుళియాంతోపు వైపు ఒక కార్పొరేషను బడికి తీసుకువెళ్లాడు. తెలుగు మీడియం. గోడ మీద అ ఆ ఇ ఈ రాసి ఉంది. నాలుగో తరగతి పిల్ల ఒకతి లేచి వేమన పద్యం తడుముకోకుండా చెప్పింది. ఆ బడిలో పిల్లల అమ్మానాన్నలు దాదాపు అందరూ పారిశుధ్య కార్మికులే. జార్జిటౌను నుంచి గానీ, టీ.నగర్ నుంచి గానీ ఒక్క పిల్లా లేదు. చెన్నపట్నంలో తెలుగు బడిని అన్నాళ్లు నిలబెట్టింది వీళ్లు. సభలు పెట్టి శాలువాలు కప్పుకున్న వాళ్లు కాదు, వీధులు ఊడ్చిన వాళ్ల పిల్లలు. ఈ మాట గట్టిగా చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

2006లో తమిళం నేర్చుకోవడం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏడాదికో తరగతి చొప్పున పైకి వెళ్లి, పదో తరగతి పరీక్షకు చేరింది. తమిళం నేర్చుకోవడానికి అక్కడ ఎవరికీ అభ్యంతరం లేదు, వీధిలో వాళ్లు మాట్లాడేది అదే. తెలుగు ఏమవుతుందన్నదే భయం. ఒక తల్లి, కార్పొరేషను చీర కట్టులోనే పని నుంచి నేరుగా వచ్చింది, నన్ను అడిగింది:

"తెలుగోళ్లని మమ్మల్ని ఇంతకాలం ఒక పక్కన పెట్టినారు సార్. ఇప్పుడు ఆ తెలుగు కూడా వొద్దంటే మేం ఎవురం?"

నేను జవాబు చెప్పలేదు. నోటుపుస్తకాలు పంచి వచ్చాను. ఆ తర్వాత చాలాసార్లు వెళ్లాను, పెద్ద పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పాను. వెళ్లిన ప్రతిసారీ బెంచీలు ఇంకొంచెం ఖాళీగా కనపడేవి. కాలవ గట్ల మీద గుడిసెలు తీసేసి వాళ్లను కణ్ణగినగర్‌కు, పెరుంబాక్కానికి పంపేశారు. ఊరికి దక్షిణాన, ఇరవై కిలోమీటర్లకు పైగా దూరం, బహుళ అంతస్తుల బ్లాకులు, వరసల వరసలు. పేదవాళ్లందరినీ మళ్లీ ఒకచోట చేర్చిన కొత్త పేట అది. పని మాత్రం ఊళ్లోనే, పొద్దున్న ఆరుకల్లా చీపురు చేతిలో ఉండాలి. వేమన పద్యం చెప్పిన ఆ పిల్ల కుటుంబానికి కూడా పెరుంబాక్కంలోనే ఇల్లిచ్చారు. అక్కడ తెలుగు బడి లేదు. బడి మార్చమంటే పిల్ల ఒప్పుకోలేదట. చీకటితో లేచి అమ్మతో పాటు బస్సెక్కి, అమ్మ పనిలోకి పోయాక బడి గేటు తీసేదాకా వార్డు ఆఫీసు మెట్ల మీద కూర్చుని చదువుకునేది. పదో తరగతి అక్కడే పాసైంది.